ముందు వరస

రైలెక్కాల్సింది నూకరత్నం. దానికి జ్వరం.
షావుకారు కామేశ్వర్రావుగారు అప్పటికే రైల్లో ఉన్నారు,
లేసు పెట్టెలు తలకింద పెట్టుకుని, స్లీపరులో.
అక్కడ్నుంచే ఫోనులో ఎవర్నో తిట్టారు.
విమానంలో వెనక సీట్లన్నీ అయిపోయాయంట,
ముందువి రెండే మిగిలాయంట.
చివరికి నా పేరు చెప్పారు:
పెనుమాల సువార్తమ్మ.

పదింటికల్లా హైదరాబాదులో ఉండాలి,
నేను కాదు, నా చేతులు.
పెద్ద హోటల్లో బల్ల ముందు కూర్చుని
దారం పువ్వెలా అవుతుందో
కొనేవాళ్లకి చూపించాలంట.

నరసాపురంలో మూడింటికి కారెక్కాను.
పాలకొల్లు నిద్రపోతోంది.
మార్టేరు దాటాక పొగమంచు.
రావులపాలెంలో అరటిగెలల లారీకి దారిచ్చి
కాసేపు ఆగాం.

మధురపూడిలో తుపాకీ కుర్రాడు
నా సంచిలోంచి లేసు సూది తీశాడు.
కొన అరచేతికి ఆనించి చూసుకున్నాడు.
"గుచ్చదు బాబూ, లాగుతుందంతే" అన్నాను.
తెలుగు రాదనుకుంటా.
సూది ఇచ్చేసి కత్తెర ఉంచేసుకున్నాడు.

ఇంత కుర్చీ ఒక్కదానికే.
మా అరుగు మీద ఇంత మేరలో
నేను, సుగుణ, నూకరత్నం,
మధ్యలో దారపు ఉండల బుట్ట,
ఇంకా పిల్లి.

ఒక పిల్ల పటకారుతో వేడి తువాలు తెచ్చింది.
తుడుచుకుని ఇచ్చేశాను.
ఎంత తెల్లగా వచ్చిందో అంత తెల్లగా వెళ్లింది.
లేసు పట్టే చేతులమ్మా ఇవి,
చేపల పులుసు తిన్న పూట
మూడుసార్లు సబ్బు పెట్టందే దారం ముట్టవు.
పక్కసీటాయన, రొయ్యల మేత వ్యాపారమంట,
ముఖం, మెడ, చెవుల వెనకా రుద్దుకున్నాడు.
ఆయన తువాలు బూడిదరంగులో వెళ్లింది.

లేచేటప్పుడు పువ్వు మొదలెట్టాను,
ఆరు గొలుసులు, ఒక సున్నా.
భయానికి చేతికి పని ఇవ్వడం
మా అమ్మ నేర్పింది.

ఎడమవైపు కిటికీ.
కింద ధవళేశ్వరం దగ్గర ముడి.
అక్కడ్నుంచి పోగులు విడిపోయాయి,
గౌతమి అటు, వశిష్ఠ ఇటు,
వాటిలోంచి కాలవలు, కాలవల్లోంచి బోదెలు.
ఎవరో చెయ్యి తిరిగిన మనిషే
మొదలుపెట్టింది ఈ పని.

తర్వాత అన్నీ గళ్లే.
భీమవరం వైపు చెరువులు, పలకలు పలకలుగా,
ఎండ తగిలి ఒకటి తర్వాత ఒకటి మెరుస్తూ.
లేసంటే సగం గాలే, నాకు తెలీదా.
కానీ గడికీ గడికీ మధ్య నాలుగు పోగులైనా ఉండాలి.
గడి పెంచుకుంటూ పోతే
ఉతికిన రోజున చేతికొచ్చేస్తుంది.
మా అన్నయ్య చేను వాటిలో ఏదో.
ఆకుపచ్చగా ఉంటే పోల్చుకునేదాన్ని.
అంతర్వేది వైపు మంచు.
కొస ముడేశారో, వదిలేశారో తెలీలేదు.

టికెట్టు పద్నాలుగు వేలంట.
పువ్వుకి మూడు రూపాయలు.
నాలుగువేల ఆరువందల అరవై ఆరు పువ్వులు,
పైన రెండు రూపాయలు మిగులు.
ఆ రెండు రూపాయలకి
పువ్వులో ఎంతవరకు వస్తుందో ఆలోచిస్తుంటే
కాఫీ చల్లారిపోయింది.

వెనకవాళ్లకీ మాకూ మధ్య పరదా లాగారు.
అంచుకి అల్లిక లేదు, మిషను మీద మడిచారంతే.
సందులోంచి ఒక చంటిపాదం కనిపించింది,
వెండి కడియంతో గాలిని తన్నుతూ.
నా పువ్వు మూడో వరసలో ఉంది.
మొదటి వరస నడుమన దాక్కుంటుంది,
కొన్నవాళ్లెవరూ చూడరు దాన్ని.
అది వదులైతే మాత్రం
రేకులన్నీ కుంటుతాయి.

చక్రాలు నేలని తాకాయి.
ముందు మేమే దిగాలంట, అది మా హక్కంట.
రొయ్యల మేతాయన ఫోను చెవికి పెట్టుకుని వెళ్లిపోయాడు.
పరదా వెనక అందరూ లేచి నిలబడ్డారు,
సంచులు భుజాన, మెడలు చాచి.
"అమ్మా, రండి" అంది పిల్ల.
"ఒక్క రేకమ్మా" అన్నాను.

పిల్ల పరదా పట్టుకుని ఆగింది.
విమానమంతా ఆగింది.
ఐదు గొలుసులు, ఒక ముడి.
కత్తెర మధురపూడిలో ఉండిపోయింది కదా,
పళ్లతో తెంపాను.